రొదకూ ఒక చరిత్ర ఉంది

2009 మాఘమాసంలో ఒక సాయంత్రం, మా ఊరి చెరువు వెనకనున్న రాళ్ళగుట్ట మొదట్లో కూర్చుని చిన్న డిజిటల్ రికార్డరుతో పక్షుల కూతలు ముద్రించాను. ఇంటికొచ్చి విన్నాను కదా, తీతువు అరుపు కంటె రొదే ఎక్కువగా ఉంది. మైకును గాలి మొత్తుతున్న డబడబ, ఎవరి పొలంలోనో బోరు మోటారు గుయ్యిమనడం, వీటి వెనక యంత్రం తనంత తానుగా చేసే సన్నని సుయ్యిమనే ధ్వని. కంప్యూటరులో 500 హెర్ట్జ్‌ల కింద ఉన్నదంతా కోసివేశాను. గాలి పోయింది, మోటారు పోయింది. తీతువు అరుపు తేటగా మిగిలింది. ఆ సంబరంలో పాత ఫైలు మీదనే కొత్తదాన్ని భద్రపరచాను.

కొన్ని వారాల తరువాత, ఆ సాయంత్రమే గుట్ట మీద కూసిన పెద్ద గుడ్లగూబ కోసం వెతికితే అది లేదు. దాని గంభీరమైన కూత నేను గీసిన గీతకు కిందనే ఉంది. రొదతో పాటు దానినీ నా చేతులతోనే తుడిచివేశాను.

ఈ బాధతోనే, నాకంటె ముందు ఈ పని చేసినవారు రొదతో ఎలా వేగారో తెలుసుకోవాలనిపించింది.

మనకు తెలిసినంతలో, పక్షికూతను తొలిసారి ముద్రించినవాడు ఎనిమిదేళ్ళ బాలుడు. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్, ఎడిసన్ ఫోనోగ్రాఫు మైనపు గొట్టం మీద తన పెంపుడు షామా పిట్ట పాటను పట్టుకున్నాడు. షామా మన దేశపు అడవుల్లోనూ బతికే పిట్టే. పంజరంలోని పిట్ట కనుక గాలి బాధ లేదు. ఆనాటి ముద్రణల్లో రొద అంటే ముఖ్యంగా మైనాన్ని గీకే సూది గరగర. అంటే, మొదటి శత్రువు యంత్రమే.

పిట్టను వెతుక్కుంటూ మనిషి బయటికి వెళ్ళిన తరువాత లోకమంతా మైకులోకి వచ్చిపడింది. 1929 మే 18న అమెరికాలోని ఇథాకాలో, కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్ ఆలెన్, పీటర్ పాల్ కెలాగ్ సినిమావాళ్ళ శబ్దగ్రహణ యంత్రాలతో ఒక పార్కులో స్వేచ్ఛగా తిరిగే పిట్టల పాటలు ముద్రించారు. పిట్టేమో దూరం, చుట్టూ ఊరి చప్పుళ్ళు. దీనికి ఉపాయంగా 1932 ప్రాంతంలో కార్నెల్‌వారు పెద్ద మూకుడు వంటి పరావలయ దర్పణాన్ని వాడసాగారు. ఎదురుగా వచ్చే ధ్వనిని అది మైకు ఉన్న బిందువు దగ్గరికి పోగుచేస్తుంది. పక్కనుంచి వచ్చే చప్పుడుకు ఆ బలం దక్కదు. దానిని పోతపోసిన అచ్చు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శత్రు విమానాల చప్పుడును దూరం నుంచే పసిగట్టడానికి చేసినది. విమానాన్ని వినేందుకు పుట్టిన చెవి పిట్టను వినడానికి పనికివచ్చింది!

ఆ చెవికీ ఒక హద్దుంది. ధ్వని తరంగం మూకుడు వెడల్పును మించితే అది పోగుపడదు. మీటరు వెడల్పున్న మూకుడు సుమారు 340 హెర్ట్జ్‌ల కింద పెద్దగా సాయపడదు. మోటారు గుయ్యిని అది బలపరచదన్నది మేలే. గుడ్లగూబకూ అదే గతి పడుతుందన్నది నష్టం.

తరువాత విమానాలే పిట్టపాటలోకి వచ్చాయి. ఇంగ్లండులోని సర్రేలో, చెల్లో విద్వాంసురాలు బియాట్రిస్ హారిసన్ తోట నుంచి బీబీసీ 1924లో నైటింగేల్ పాటను ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. ఆ తరువాత అది ఏటేటా సాగే ఆనవాయితీ అయింది. 1942 మే 19 రాత్రి అదే తోటలో పిట్ట పాడుతుండగా, జర్మనీలోని మన్‌హైమ్ మీద బాంబులు వేయడానికి వెళుతున్న 197 విమానాల హోరు మొదలయింది. ప్రత్యక్ష ప్రసారమైతే శత్రువుకు ముందే తెలిసిపోతుందని ప్రసారాన్ని ఆపివేశారు. ముద్రణను మాత్రం ఆపలేదు. హోరు పెరిగి, దగ్గరై, నెమ్మదిగా దూరమవుతుంది. పిట్ట పాడుతూనే ఉంటుంది. వెళ్ళినవాటిలో 11 విమానాలు తిరిగి రాలేదు. ఆ హోరును ఎవరైనా "శుభ్రం" చేసి ఉంటే మనకు మిగిలేది మరొక నైటింగేల్ పాట మాత్రమే.

అయితే రొదనంతా పవిత్రంగా దాచుకోవాలని నేననడం లేదు. మన కలివికోడి సంగతే చూడండి. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. రాత్రి తిరిగే పిట్ట, ముళ్ళపొదల్లో దాగుతుంది. చీకటి పడ్డాక కొద్దిసేపే కూస్తుంది. ఆ కూత తొలి ముద్రణల వివరాలు 2004లో ప్రచురితమయ్యాయి. పొదల్లో ఆ కూత వినిపించి, జవాబు వస్తుందా అని చెవి ఒగ్గడం దాని ఆచూకీ తీసే పద్ధతుల్లో ఒకటయింది. అటువంటి పనికి కీచురాళ్ళ రొద, యంత్రపు సుయ్యి లేని ప్రతి కావాలి. కనుక శుభ్రపరచడం తప్పు కాదు. అసలును మిగల్చకపోవడమే తప్పు.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ముందు రొద ఎక్కడిదో కనిపెడతాను. గాలిదైతే మైకుకు బొచ్చు తొడుగు వేస్తాను. నా వేళ్ళదైతే మైకును చేతిలో పట్టుకోక స్టాండు మీద పెడతాను. మోటారుదైతే చోటు మారుస్తాను, లేదా అది ఆగేదాకా కూర్చుంటాను. అప్పటికీ మిగిలిన రొద ఏమిటో, ఏ దిక్కునుంచి వచ్చిందో తేదీతో సహా రాసిపెట్టుకుంటాను. కోతలన్నీ నకలు మీదనే.

మా గుట్టను తరువాత కంకర కోసం పగలగొట్టారు. ఆ గుడ్లగూబ ఎటు పోయిందో తెలియదు. అది కూసిన సాయంత్రం నా దగ్గర ఉన్నది, తీతువు అరుపు కూడా తేటగానే ఉన్నది. వినాలని మాత్రం అనిపించదు.