ఎన్నికల చిహ్నములు – మన గ్రామచరిత్ర

చరిత్రయనగా శాసనములు, కోటలు, తామ్రపత్రములు మాత్రమేయని తలచువారు మనలో పెక్కురు కలరు. విశాఖదత్తుని ముద్రారాక్షసమునందు ఒక్క ఉంగరపు ముద్రయే రాజ్యతంత్రమును మలుపు త్రిప్పినది. ప్రజారాజ్యమునకును అట్టి ముద్రలు కలవు. రొమ్మున ధరించు రేకుబిళ్లలు, గోడపత్రికలు, కరపత్రములు, జెండాలు, ఓటరు చీటీలు అట్టివే. ఎన్నిక ముగిసిన మఱునాడే యివి చెత్తకుప్ప పాలగుచున్నవి. దోమ, వికారాబాదు, తాండూరు ప్రాంతములందలి కులబాంధవులు వీనిని సేకరించి కాపాడవలసిన ఆవశ్యకతను ఇచ్చట విన్నవింపదలచితిమి.

అమెరికాలో 1789లో వాషింగ్టను అధ్యక్షపదవి స్వీకరించిన సందర్భమున లోహపు గుండీలు వెలువడెను. 1896 ఎన్నికలనాటికి సూదితో తగిలించుకొను సెల్యులాయిడు బిళ్లలు వ్యాప్తికి వచ్చెను. నేడు వానిని ఆ దేశస్థులు వెలపెట్టి కొని దాచుకొనుచున్నారు. మనకు మాత్రము ఇవి ముచ్చటవస్తువులు కావు, అంతకంటె గొప్పవి. 1951 జనాభా లెక్కలనాటికి దేశమున అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది. 1952లో హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు జరిగినపుడు అభ్యర్థికొక పెట్టె చొప్పున నుంచి, దానిపై వాని గుర్తు నంటించిరి. ఓటరు తన చీటిపై ఏ గీతయు గీయక నచ్చిన గుర్తుగల పెట్టెలో వేసెడివాడు. బడి మెట్టు ఎక్కని మన పెద్దలు చదివి తీర్పుచెప్పిన తొలి అక్షరము ఆ గుర్తే.

గుర్తులను బట్టి కాలనిర్ణయమును చేయవచ్చును. కాడి మోయు జోడెద్దుల బిళ్ల దొరకినచో అది 1969లో కాంగ్రెసు చీలుటకు పూర్వపుదని తలపవచ్చును. ఆవుదూడ 1971 ఎన్నికలలో కానవచ్చినది. హస్తము 1978లో వచ్చినది. సైకిలు గుర్తు తెలుగుదేశమునకు చెందినదైనచో, ఆ పక్షము 1982లో పుట్టినది గాన, అంతకు ముందటిది కానేరదు. ఆంధ్రప్రాంతమున 1955లో శాసనసభ ఎన్నికలు జరుగుటచే 1957లో తెలంగాణమున మాత్రమే శాసనసభకు ఎన్నికలు జరిగెను. కావున 1957నాటి శాసనసభాభ్యర్థి కరపత్రము మన ప్రాంతపు టిండ్లలోనే వెదకదగినది.

ఒక్క నాయకుని చరిత్రయే యిందుకు నిదర్శనము. మర్రి చెన్నారెడ్డిగారు 1952లో వికారాబాదునుండి శాసనసభకు కాంగ్రెసు పక్షమున ఎన్నికైరి. 1967లో తాండూరునుండి గెలుపొందిరి. వందేమాతరం రామచంద్రరావుగారి వ్యాజ్యముపై 1968లో ఆ యెన్నిక రద్దయ్యెను. పిదప వారు నాయకత్వము వహించిన తెలంగాణ ప్రజాసమితి 1971లో 10 లోకసభ స్థానములను గెలిచినది. ఆ పేరే గల కాగితము ఏ యేటిదో తెలియనిచో, అది ఏ పక్షపు మాటయో, ఏ ఘట్టపు మాటయో తేల్చుట దుర్ఘటము.

ఇందు ఒక ప్రమాదము కలదు. మన యిండ్లలో గెలిచినవాని ఫోటోకు పటము కట్టింతురు, ఓడినవాని కరపత్రమును పొయ్యిలో వేయుదురు. తమ పక్షపు జెండాను దాచి, ఎదుటిపక్షపుదానిని చింపివేయుదురు. అట్టి సేకరణము స్తోత్రమగునే గాని చరిత్ర కాజాలదు. ఓడినవానికిని మన గ్రామస్థులే ఓటు వేసిరి గదా! వారి అభిప్రాయమును తుడిచివేయు అధికారము మనకు లేదు.

సేకరించువారు ప్రతి వస్తువును ఎవరియింట, ఏ గ్రామమున లభించినదో, ఏ యెన్నికలోనిదో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. వస్తువుపై వ్రాయరాదు, జిగురుతో అంటింపరాదు. రేకుబిళ్లలను తేమ తగులనీయక, కాగితములను మడతలు విప్పి, వేర్వేరుగా నుంచవలెను. 1952లో ఓటుహక్కు 21 ఏండ్లు నిండినవారికే యుండెను గాన, నాడు ఓటు వేసినవారు నేడు తొంబది దాటినవారే. వస్తువు పదియేండ్ల తరువాతనైన దొరకవచ్చును. దాని కథ చెప్పు నోరు దొరకదు.

ఇప్పుడు ప్రచారము చాలవరకు చేతిఫోనులలోనికి పోయినందున రేకుబిళ్లలు అరుదగుచున్నవి. కావున మన సంఘము ఒక పెట్టెను, ఒక పట్టికను ఏర్పఱచి, సకలపక్షముల వస్తువులను సమదృష్టితో స్వీకరింపవలెనని పోషకులను ప్రార్థించుచున్నాము. ఈ మహాసభ ప్రతినిధులు ధరించు బిళ్లనే అందు మొదటిదిగా నుంచుట యుక్తము. మన యువకులు ఈ సెలవులలోనే తాతముత్తాతల పెట్టెలను తెఱచి చూతురుగాక!