ఊరగాయ, రుగాయ్, పంపరపనస



పోయిన ఆదివారం మన సమావేశం భోజనాలకి మా ఇంటి నుంచి పెద్ద గిన్నెడు పళ్ల స్లా తెచ్చాం. పిల్లలు రెండోసారి వేయించుకున్నారు. పెద్దవాళ్లలో ఒకరు మాత్రం గరిటె తిప్పి చూసి, "ఇదేదో దొరల తిండి, మన ఆవకాయ ఏదండీ?" అన్నారు. సగం గిన్నె మిగిలింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాం గాని ఇంటికొచ్చాక మేమిద్దరం ఊరుకోలేకపోయాం. అందుకే ఈ రాత. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మేము చదువుకున్నది అరవంలో. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల విల్లుపురంలో పెరిగాం. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడమే, రాయడం పెద్దయ్యాక దిద్దుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి. ఆ అరవం చదువు ఇక్కడ ఒకందుకు పనికొచ్చింది. మన లంకల్లో కాసే పంపరపనసని అరవంలో పంబళిమాస్ అంటారు. డచ్చి భాషలో పాంపెల్‌మూస్. ఫ్రెంచిలో పాంప్లెమూస్. నాలుగూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి పైకి చదివి చూడండి. ఫ్రెంచి మాట డచ్చి వాళ్ల దగ్గర తెచ్చుకున్నదే. డచ్చి మాటే అరవం నుంచి పోయిందని కొందరు పండితులు, కాదని కొందరు. పండుకి ఈ గొడవ పట్టదు, అది పుట్టింది ఇంకా తూర్పున, మలయా దీవుల వైపు.

స్లా అనేది కూడా డచ్చి మాటే. కూల్ అంటే కాబేజీ, స్లా అంటే సలాడు. అమెరికాలో స్థిరపడ్డ డచ్చి వాళ్ల నుంచి అది ఇంగ్లీషులోకి కోల్‌స్లాగా వెళ్లింది. ఆ డచ్చి వాళ్లు మనకి తెలియని వాళ్లేం కాదు. కాకినాడ జగన్నాథపురంలో బట్టల వ్యాపారానికి కొఠీ పెట్టుకుని 1825 దాకా ఉన్నారు. కాకినాడలో గూడ్సు క్లర్కుగా చేసిన రోజుల్లో మేము జగన్నాథపురం వంతెన దాటని వారం లేదు. ఈ సంగతి ఒక్కనాడూ తట్టలేదు.

ఇక అసలు విషయం. ఫ్రెంచి వాళ్లు యానాంలో 1954 దాకా ఉన్నారని మనందరికీ తెలుసు. జెండాలు, తేదీలు ప్రతి ఏడూ చెప్పుకుంటాం. ఇక్కడి నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. 1820ల చివర్లోనే యానాం నుంచి తెలుగు కూలీలు ఒప్పందం మీద బూర్బోన్ దీవికి వెళ్లారు. ఇప్పుడు దాని పేరు రీయూనియన్. అక్కడ చెరకు తోటలు. బానిసల్ని కొని తేవడం నిషేధమైపోయింది, పనికి మనుషులు కావాలి. తర్వాత 1830లలో మన పక్కనున్న కోరంగి రేవు నుంచి మారిషస్‌కి వెళ్లారు. అక్కడి తెలుగువాళ్లకి కోరింగీలు అనే పేరే పడిపోయింది. మారిషస్‌లో పాంప్లెమూస్ అని ఒక ఊరే ఉంది, పెద్ద తోటతో సహా.

రీయూనియన్‌లో ఇవాళ్టికీ అన్నం పక్కన ఒక చిన్న గిన్నె పెడతారు. దాని పేరు రుగాయ్. పచ్చి మామిడికాయ కోరి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పు, కాస్త నూనె కలిపి అప్పటికప్పుడు తింటారు. ఆ మాట అరవం "ఊరుగాయ్" నుంచి వచ్చిందంటారు. మనకి ఊరగాయ. ముందున్న ఊకారం దారిలో జారిపోయింది. ఊరబెట్టడమూ పోయింది, పేరు మిగిలింది. జాడీలు, ఆవపిండి, ఏడాదికి సరిపడా నూనె కూలీల బారకాసుల్లో ఎక్కడివి? అందుకే పచ్చిగానే తినేశారని మాకు తోస్తుంది. అక్కడే కాబేజీ, కారెట్ సన్నగా తరిగి పసుపు, అల్లం, మిరపకాయ వేసి చేసేదాన్ని అషార్ అంటారు. అంటే ఆచారే.

కాబట్టి మీరు గరిటె తిప్పి వదిలేసిన గిన్నె పూర్తిగా దొరలది కాదండీ.

చేయడం పెద్ద పనేం కాదు. చిన్న కాబేజీలో సగం, చాకు ఎంత సన్నగా తరిగితే అంత సన్నగా తరగాలి. చెంచాడు ఉప్పు చల్లి పావుగంట ఉంచి, నీరు గట్టిగా పిండేయాలి. ఇది మానేస్తే గిన్నె అడుగున చెరువే. దోరజామకాయ సన్నగా కోసి వెంటనే నిమ్మరసం పట్టించాలి, లేకపోతే నల్లబడుతుంది. పంపరపనస తొనల మీద తెల్లటి పొర మొత్తం తీసేయాలి, చేదంతా అందులోనే. ఈ పని మా ఇంట్లో మాదే, ఇంటావిడకి అంత ఓపిక లేదు. అనాస వేస్తే పెరుగు వద్దు, కాసేపటికి చేదెక్కుతుంది. నిమ్మరసం, మిరియాల పొడి, చిటికెడు బెల్లం చాలు. పళ్లు వడ్డించే ముందే కలపాలి.

బీపీ ఉన్నవాళ్లకి ఆవకాయ ఉప్పు కన్నా ఇది నయమే. ఒక్క జాగ్రత్త. పంపరపనస కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతోనూ, కొన్ని బీపీ మాత్రలతోనూ పడదు. మనలో చాలామందిమి అవి మింగేవాళ్లమే. డాక్టరుగారిని అడిగి తినండి, లేదంటే దాని బదులు బత్తాయి వేసుకోండి.

ఒక మనవి. "మా ముత్తాత తమ్ముడు దీవులకి పోయాడంట" అన్న మాట మన సభ్యుల ఇళ్లలో రెండు మూడు చోట్ల విన్నాం. అక్కడ వాళ్ల పేర్లు ఫ్రెంచి గుమాస్తాల చెవికి ఎలా వినబడితే అలా రాసుకుని, పక్కన ఒక నంబరు వేశారు. మేమూ గుమాస్తాలమే. ఒక్క అక్షరం తప్పు రాస్తే పార్సిలు ఎక్కడ తేలుతుందో తెలుసు. ఇంటిపేరు, ఊరు, ఎవరి కొడుకో, ఏది గుర్తున్నా చెప్పండి. ముఖ్యంగా ఇంట్లో ఎనభై దాటినవాళ్లని ఇప్పుడే అడగండి. అన్నీ ఒక పుస్తకంలో రాసి సంఘం ఆఫీసులో పెడదాం.

వచ్చే సమావేశానికి గిన్నె మళ్లీ తెస్తాం. ఈసారి పచ్చిమిరపకాయలు కాస్త ఎక్కువే వేస్తాం.