తపాలాలో వచ్చిన బ్యాంకింగు చదువు

పట్టా చేతబట్టుకుని బ్యాంకులో చేరినవారితో పాటు, బ్యాంకులో చేరిన తరువాత పట్టా సంపాదించినవారూ మనలో తక్కువేమీ కాదు. పగలు కౌంటరులో కూర్చుని, రాత్రి పుస్తకం ముందు కూర్చున్న ఆ చదువుకు తొంభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దానిని క్లుప్తంగా గుర్తు చేసుకుందాం.

1928లో బొంబాయి కేంద్రంగా ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకర్స్ ఏర్పడింది. అంతకు ముందే, 1879లో, లండనులో ఇటువంటి సంస్థ ఒకటి వెలసింది. మన ఇన్‌స్టిట్యూట్ కళాశాల కాదు. పాఠ్యప్రణాళిక ఇచ్చి, పరీక్ష పెట్టేది. చదువుకునే భారం ఉద్యోగిదే. రెండు భాగాలూ నెగ్గితే పేరు పక్కన సి.ఎ.ఐ.ఐ.బి. అని రాసుకునే యోగ్యత దక్కేది. బ్యాంకింగు చట్టం, ఆచరణ, అర్థశాస్త్రం, అకౌంటెన్సీ వంటివి చదవవలసి వచ్చేది. టన్నన్ గారి బ్యాంకింగు చట్టం పుస్తకం తిరగేయని అభ్యర్థి అరుదు.

ఈ చదువు చేతిలో ఉన్న పనికి దగ్గరగా ఉండేది. క్రాస్ చేసిన చెక్కుకు కౌంటరులో నగదు ఇవ్వకూడదని సీనియర్లు చెప్పగా అందరికీ తెలుసు. ఎందుకు ఇవ్వకూడదో, ఇస్తే అసలు హక్కుదారుకు బ్యాంకు ఎలా బాధ్యత వహించవలసి వస్తుందో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చదివినవారికే తెలిసేది. వసూలుకు వచ్చిన చెక్కు విషయంలో బ్యాంకుకు చట్టం ఇచ్చే రక్షణ, సద్భావంతో, అశ్రద్ధ లేకుండా పనిచేసినప్పుడే దక్కుతుందని కూడా అక్కడే తెలిసేది. అలా చదివిన గుమాస్తా సంతకం పెట్టే ముందు ఒక్క క్షణం ఆగేవాడు.

1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిల్ 15న మరో అయిదు బ్యాంకులతో పాటు జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 1969లో దేశమంతటా రెండు వేలు కూడా లేని గ్రామీణ శాఖలు 1990 నాటికి 34 వేలు దాటాయి. అంటే వేలాదిమంది యువ ఉద్యోగులు కళాశాల లేని, సాయంత్రం బస్సు తప్పితే మరో బస్సు లేని ఊళ్లకు వెళ్లారు. వారికి చదువు రావాలంటే తపాలా సంచిలోనే రావాలి.

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. మన ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ దారి పట్టింది. ఎస్.ఎస్.ఎల్.సి.తోనో, ఇంటర్‌తోనో చేరిన గుమాస్తాలు బి.కాం.కు కట్టారు. పాఠాల కట్టలు పోస్టులో వచ్చేవి. మధ్యలో బదిలీ అయితే అవి పాత ఊరికి వెళ్లి, చిరునామా మారి, పరీక్షలు దగ్గరపడ్డాక చేరేవి. సెలవు పెట్టి కాంటాక్టు తరగతులకు వెళ్లడానికి మేనేజరు గారి దయ ఉండాలి.

1982 ఆగస్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. 1991లో దానికి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. ఆ సంస్థ 1987లో ఆరంభించిన తొలి కోర్సులలో మేనేజ్‌మెంట్ డిప్లొమా ఒకటి. తరువాతి కాలంలో సి.ఎ.ఐ.ఐ.బి. నెగ్గినవారికోసం ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి బ్యాంకింగులో ఎం.బి.ఎ. కూడా నడిపింది.

హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయం చేసిన పెద్ద మేలు మరొకటి ఉంది. ముందు చదువు లేకపోయినా, 18 ఏళ్లు నిండినవారు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగేవారు. పాఠాలు తెలుగులో ఉండేవి, ఆకాశవాణిలో వినిపించేవి. పేదరికం వల్ల బడి మానేసి అటెండరుగా చేరినవారికి డిగ్రీ తలుపు ఇలా తెరుచుకుంది.

అయితే అందరికీ ఇది సులువు కాలేదు. సి.ఎ.ఐ.ఐ.బి. ఇంగ్లీషులోనో, హిందీలోనో రాయాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆ భాష దగ్గరే ఆగిపోయారు. మహిళా ఉద్యోగులకు బ్యాంకు పని, వంట, పిల్లల చదువు ముగిశాకే సొంత పుస్తకం. ఒక్కో పేపరు చొప్పున ఏళ్ల తరబడి రాసి ముగించినవారున్నారు, వదిలేసినవారూ ఉన్నారు. వదిలేసినవారికి తెలివి లేదనుకోవడం అన్యాయం. వారికి లేనిది తీరిక.

ఫలితం మాత్రం జీతంలో కనబడేది. ద్వైపాక్షిక ఒప్పందాల ప్రకారం గుమాస్తాలకు డిగ్రీకి రెండు ఇంక్రిమెంట్లు, సి.ఎ.ఐ.ఐ.బి. మొదటి భాగానికి ఒకటి, రెండవ భాగానికి రెండు లభించేవి. 1995 పెన్షన్ నిబంధనలలో పెన్షన్‌ను చివరి పది నెలల సగటు వేతనాన్నిబట్టి లెక్కకట్టారు. కనుక లాంతరు వెలుగులో చదివిన ఆ పేపర్ల ఫలం ఎందరికో నేటికీ పెన్షన్‌లో అందుతూనే ఉంది. భర్త పోయాక కుటుంబ పెన్షన్ అందుకునే ఇల్లాళ్లకు కూడా ఇందులో వాటా ఉంది. ఆ రాత్రుళ్లు ఇంటిని నిశ్శబ్దంగా ఉంచింది వారే కదా.

ఇన్‌స్టిట్యూట్ 2003లో పేరు మార్చుకుంది. పరీక్షలు కంప్యూటరు మీదికి వచ్చాయి, పాఠాలు ఫోనులోకి వచ్చాయి. మీ అటకమీద పాత పాఠాల కట్టలు, మార్కుల జాబితాలు ఉంటే పారవేయకండి. మనవలకు చూపించి, అవి ఏ ఊళ్లో, ఏ వేళ చదివారో చెప్పండి. ఇది మన ఇళ్లలోనే మిగిలి ఉన్న చరిత్ర.