తెప్ప కడుపులో ఏమున్నది?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల సముద్రతీరము చాలవరకు ఇసుకతీరము. బారువ, కళింగపట్నము, చింతపల్లి మొదలగు గ్రామములనుండి వేటకు పోవువారు విరిగిపడు అలల నడుమనుండియే పోవలెను, ఆ అలల నడుమనుండియే తిరిగి రావలెను. ఇట్టి తీరమునకు తరతరములుగా అక్కరకు వచ్చిన సాధనము తెప్ప.

తెప్ప పడవవలె బోలుగా ఉండదు. బూరుగు వంటి మెత్తని, తేలికయైన కర్ర దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి, బిగించి కట్టినదే తెప్ప. పడవకు చిల్లుపడినచో నీరు లోనికి చేరి మునుగును. తెప్పమీద పడిన అల దుంగల సందులగుండ జారిపోవును. దానిని తేల్చునది ఆకారము కాదు, పదార్థము. ఒక ఘనమీటరు సముద్రజలము బరువు సుమారు 1025 కిలోగ్రాములు. అంతే పరిమాణముగల ఎండుకర్ర 400 కిలోగ్రాములు తూగునదైనచో, అది పూర్తిగా మునుగువరకు మరి 625 కిలోగ్రాములు మోయగలదు. ఆర్కిమిడీసు సూత్రము నెరిగిన విద్యార్థులు ఈ లెక్కను తామే వేసికొనగలరు.

అయితే కర్ర నీరు త్రాగును. త్రాగిన నీరు ఎన్ని కిలోగ్రాములో, తెప్ప మోయగల బరువు అన్ని కిలోగ్రాములు తగ్గును. దీనికి మత్స్యకారులు కనుగొన్న ఉపాయము మిక్కిలి సులభమైనది. వేట ముగిసి ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి, దుంగలను విడదీసి, ఇసుకమీద ఆరవేయుదురు. తాళ్ళతో కట్టుటలోని మేలు ఇదియే. పాతబడిన తెప్పను బాగుచేయుటయు అంతే సులభము. పుచ్చిన దుంగను, లేక ఉప్పునీటి పురుగు తొలిచిన దుంగను తీసివేసి, మరియొక దుంగను చేర్చినచో తెప్ప మరల పనికివచ్చును. మద్రాసు రాజధానిలో మత్స్యశాఖాధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ భారతదేశపు పడవల నిర్మాణమును పరిశీలించి 1920లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇట్టి తెప్పలును ఆయన పరిశీలనలో చేరినవి.

కర్రకును నీటికిని గల ఈ పోరు మన తీరమునకే పరిమితము కాదు. 1947లో నార్వే దేశీయుడైన థోర్ హేయర్డాల్ పెరూ తీరమునుండి బయలుదేరి, పసిఫిక్ మహాసముద్రముమీద 101 దినములు తెప్పపై ప్రయాణము చేసెను. ఆయన 'కాన్-టికీ' తెప్ప బాల్సా దుంగలతో కట్టినది. బాల్సా త్వరలో నీరు పీల్చి మునుగునని పలువురు హెచ్చరించిరి. కాని ఆ దుంగలు పచ్చివి. వానిలో నిండియున్న రసము సముద్రజలమును చాలవరకు లోనికి రానీయలేదు. వేట ముగియగానే ఒడ్డు చేరు తెప్పకు ఎండ రక్షణ. నెలల తరబడి ఒడ్డు చూడని తెప్పకు పచ్చిదనమే రక్షణ అయినది.

కాలక్రమమున పెద్ద దుంగలు దొరకుట కష్టమైనది, వెలయు పెరిగినది. 1979లో మద్రాసు కేంద్రముగా ప్రారంభమైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమము, తూర్పుతీరపు అలలకు తగిన గాజునార పడవలను రూపొందించి పరీక్షించినది. పిదప తెప్ప ఆకారమునే గాజునారతో పోతపోసి, కడుపులో థర్మోకోల్ నింపు పద్ధతి వ్యాపించినది. దీనినే జనులు ఫైబరు తెప్ప అందురు. ఒక ఘనమీటరు థర్మోకోల్ బరువు సాధారణముగా సుమారు ఇరువది కిలోగ్రాములు మాత్రమే. కావున అది సముద్రములో సుమారు వేయి కిలోగ్రాములు మోయగలదు. ఇందులో కర్ర దీనికి సాటిరాదు.

కాని ఒక చిక్కు కలదు. ఫైబరు తెప్పకు విప్పుటకు కట్లు లేవు. ఇసుక ఒరిపిడివలననో, 2014 నాటి హుద్‌హుద్, 2018 నాటి తిత్లీ వంటి తుపానులలో తగిలిన దెబ్బవలననో పై పొరకు సన్నని పగులు ఏర్పడినచో, నీరు లోనికి చేరి అచ్చటనే నిలిచిపోవును. ఎండ దానిని తాకదు. కడుపులో ఒక ఘనమీటరు చోటు ఉన్నదనుకొనుడు. అందులో పదవవంతు నీరు చేరినచో వంద కిలోగ్రాముల మోత పోయినట్లే. అది ఒక మనిషికి, అతని వలకు చాలినంత బరువు. పైకి తెప్ప క్రొత్తదానివలెనే కనిపించును. ప్రమాదమంతయు అందులోనే ఉన్నది.

అందువలన పాత ఫైబరు తెప్పను బాగుచేయువారు రంగుతోగాక లోపలి పరీక్షతో ప్రారంభింపవలెను. కొయ్య సుత్తితో మెల్లగా తట్టుచు పోయినచో, పొర విడిపోయిన చోట, లేక తడిసిన చోట శబ్దము మందగించును. అచ్చట పై పొరను కోసి, తడి పదార్థమును పొడిభాగము కనిపించువరకు తీసివేసి, లోపల బాగుగా ఆరనీయవలెను. మూయునపుడు కోత అంచును, పొర మందమునకు సుమారు 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, క్రొత్త గాజునారను అతుకవలెను. నిట్టనిలువు అంచుమీద వేసిన అతుకు త్వరలో ఊడిపోవును.

లోపల ఏమి నింపవలెననునది తరువాతి ప్రశ్న. దీనికి సమాధానము ఆ పదార్థము చేయవలసిన పనినిబట్టి ఉండును. పని తేల్చుట మాత్రమే అయినచో థర్మోకోల్ చాలును. కాని సాధారణముగా వాడు పాలియెస్టరు రెజినులో స్టైరీను ఉండును. అది థర్మోకోలును కరిగించును. కావున దిమ్మలను పాలిథీను గుడ్డలో చుట్టి దూరముగా ఉంచవలెను, లేదా ఎపాక్సీ రెజిను వాడవలెను.

పని బిగువునిచ్చుట అయినచో లెక్క వేరు. మన తాటిదూలమును చూడుడు. వెలుపల గట్టి చేవ, నడుమ మెత్తని దూట. వంగునపుడు బలమంతయు వెలుపలి భాగములమీదనే పడును. మూడేసి మిల్లీమీటర్ల గాజునార పొరలు రెండు కలిపి అంటించినదానికంటె, వాని నడుమ 25 మిల్లీమీటర్ల తేలిక పదార్థమును అతికించినది లెక్కప్రకారము 60 రెట్లకు పైగా వంగక నిలుచును. అయితే ఆ నడిపొర రెండువైపుల గట్టిగా అంటుకొని, పొరలను జారనీయకుండవలెను. ఇందులకు థర్మోకోల్ పనికిరాదు. పి.వి.సి. నురుగు పలకలు తగినవి, కాని వెల ఎక్కువ. బాల్సాను నిలువునార వచ్చునట్లు అడ్డముగా కోసి వాడినచో, ఒకచోట చేరిన నీరు పక్కలకు త్వరగా ప్రాకదు. అయినను తడి నిలిచినచో అది కుళ్ళును. ఇంజను బోల్టులు బిగించు చోట గట్టికర్రయే ఉంచి, ప్రతి రంధ్రము అంచును రెజినుతో మూయవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేసి చూపవచ్చును. థర్మోకోల్ ముక్కమీద, గోళ్ళరంగు తుడుచుటకు వాడు అసిటోను రెండు చుక్కలు వేసినచో గుంటపడును. దీపము దగ్గర లేకుండ చూచుకొనవలెను. తీరగ్రామముల పాఠశాలలలో దీనితోపాటు, తడిసిన తెప్ప ఎంత మోత కోల్పోవునో విద్యార్థులచేత లెక్కింపజేయుట మంచిది. సాయంకాలము ఇంటికి పోయి, ఒడ్డుననున్న తమ తెప్పను సుత్తితో తట్టి చూచువారు వారిలో కొందరైనను ఉందురు.