ఉగ్రసంగీతమున రెండు ఆశాభంగములు

లోహము పేరు ధరించిన సంగీతమొకటి నిజముగానే రేకుల ఫ్యాక్టరీలో పుట్టినదన్నచో కొందరు శ్రోతలకు వింతగా తోచవచ్చును. 1965లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున టోనీ ఐయోమీ అను పదునేడేండ్ల కుర్రవాడు ప్రెస్సు క్రింద కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొన్నాడు. ఆ ఫ్యాక్టరీలో అతనికి అదే చివరి దినము. పటేల్‌గూడ, రామచంద్రపురము, పటాన్‌చెరువుల నడుమ షిఫ్టుల లెక్కన ప్రొద్దు గడుపుకొను కుటుంబములకు ప్రెస్సు అనగా ఏమో, దాని క్రింద చేయి పడుట అనగా ఏమో చెప్పనక్కరలేదు. ఐయోమీ ఎడమచేతి వాటమువాడగుటచే గిటారు తంత్రులను నొక్కవలసినది ఆ దెబ్బతిన్న వ్రేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొన్నాడు. పలుచని తంత్రులు కట్టుకొన్నాడు. 1970లో అతని బృందము బ్లాక్ సాబత్ తొలి ఆల్బము వెలువరించినది. మరుసటి ఏటికి గిటారు శ్రుతిని మరింత దించి ఆ నాదమునకు ఇంకను బరువు కూర్చినాడు.

ఆ బరువును 1980ల యువకులు కొనలకు లాగినారు. ఎక్స్‌ట్రీమ్ మెటల్ అనబడు శాఖ అట్లు ఏర్పడినది. ఇందులో గాయకుడు పాడడు, గర్జించును. డ్రమ్ములు రెండు పాదములతోను విరామము లేక మ్రోగును. వినువారు కొద్దిమందియే, కాని వారి పట్టుదల మాత్రము గట్టిది. పద్యనాటకమునకు వచ్చి ప్రతి పద్యమును నటుని కంటె ముందుగా మనసులో చదువుకొను మన పూర్వపు ప్రేక్షకుని తలచుకొనుడు. రాగము తప్పినచో అతడు ఒప్పుకొనడు. నచ్చినచో వన్స్‌మోర్ అనక మానడు. ఈ సంగీతమునకు శ్రోత అట్టివాడే. అట్టి శ్రోత ఆశ భగ్నమైన ఘట్టములు రెండు ఈ చరిత్రలో పేరుపడినవి.

మొదటిది స్విట్జర్లాండు దేశమునకు చెందినది. జూరిచ్ పరిసరములలో 1984లో థామస్ గాబ్రియల్ ఫిషర్, మార్టిన్ ఎరిక్ ఐన్ అను మిత్రులు సెల్టిక్ ఫ్రాస్ట్ బృందమును స్థాపించినారు. అదే ఏట మార్బిడ్ టేల్స్, 1985లో టు మెగా థీరియన్ వెలువడినవి. రెండవదానిలో గిటారుల రొద నడుమ పాశ్చాత్య వాద్యగోష్ఠిలోని కొమ్ముబూర వినిపించును. 1987 నాటి ఇన్‌టు ద పాండెమోనియం ఇంకను సాహసము. దాని మొదటి పాట మెక్సికన్ రేడియో (మన పత్రికకు తగిన పేరే) ఒక అమెరికను బృందమునుండి తెచ్చుకొన్నది. తరువాత స్త్రీకంఠములు, వయొలిన్లు, ఒకచోట యంత్రము మ్రోగించిన తాళము. అభిమానులు తికమకపడిన మాట నిజమే, అయినను విడిచిపోలేదు. నేటికిని ఆ ఆల్బమును గౌరవముతోనే తలతురు.

పిమ్మట రికార్డు కంపెనీతో తగవుల నడుమ బృందము చెదిరినది. ఫిషర్ కొత్త వాద్యకారులను కూర్చుకొని 1988లో కోల్డ్ లేక్ అను ఆల్బము తెచ్చినాడు. అందులో ఐన్ లేడు. జుట్టు ఎగదువ్వి, ముఖమునకు రంగు పూసికొని, ప్రణయగీతములు పాడు లాస్ ఏంజెలిస్ బృందములకు అది గిరాకీ ఉన్న కాలము. ఫొటోలలో సెల్టిక్ ఫ్రాస్ట్ వారును ఆ వేషముననే కనిపించినారు. పాటలును అంతే. చీకటిని, ప్రాచీన భయములను పాడిన నోట ఆ మాటలు విని అభిమానులు నివ్వెరపోయినారు. ఒక్క సంవత్సరము క్రిందట వయొలిన్లను సహించినవారే దీనిని సహింపలేకపోయినారు.

మార్పును ఓర్వలేని మూఢులని వారిని నిందించుట సులభము. మన దేశముననే 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు మానివేసినప్పుడు ఇండ్లలోని రేడియో ముల్లు సిలోను వైపు తిరిగినది. వినువాడు వాదింపడు, ముల్లు త్రిప్పును. 1957లో వివిధభారతి అవతరించినది ఆ ముల్లును మరల తన వైపు త్రిప్పుకొనుటకే కదా! పాండెమోనియమున ఆ బృందము తనకు తెలియని దారిలో పోయినది, అభిమానులు వెంట నడచినారు. కోల్డ్ లేక్‌లో ఇతరులు నడచి అరుగదీసిన దారిని పట్టినది; ఆ దారినే పోదలచినవారికి అసలువారి రికార్డులు అంగడిలో ఉండనే ఉన్నవి. నాకు తోచిన కారణమిది.

కాని రెండవ ఘట్టమునకు ఈ కారణము పూర్తిగా సరిపడదు. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు టాంపా నగరము డెత్ మెటల్‌కు పుట్టినిల్లువంటిది. అచ్చటి మార్బిడ్ ఏంజెల్ బృందము 1989లో ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్, 1993లో కవెనెంట్ ఇచ్చినది. ఆల్బముల పేర్లను అక్షరక్రమమున పెట్టుకొనుట వారి నియమము. హెరెటిక్ 2003లో వచ్చిన పిమ్మట ఎనిమిదేండ్లు నిరీక్షణ. నడుమ 2004లో పూర్వగాయకుడు డేవిడ్ విన్సెంట్ తిరిగి వచ్చుటతో ఆశలు పెరిగినవి. 2011లో ఇల్లుడ్ డివినమ్ ఇన్‌సానస్ వెలువడినది. అందులో కొన్ని పాటలు పూర్వపు పద్ధతిలోనివే. మరికొన్ని నృత్యశాలలలో మ్రోగు యంత్రతాళపు పాటలు. ఒకదాని పేరు టూ ఎక్స్‌ట్రీమ్, అనగా మితిమీరిన ఉగ్రత! ఉగ్రతను తానే చాటుకొనవలసిన అవసరము ఆ బృందమునకు మునుపు ఉండెడిది కాదు.

ఇచ్చట అంగడి గిరాకీని వెదకినను దొరకదు. 2011 నాటికి ఆ యంత్రతాళము ఇరువది యేండ్ల పాతది. వారు తమ ఇష్టముననే అట్లు చేసిరని నమ్మవలసియున్నది. మరి శ్రోతలు ఏల విసిగినారు? నా తలంపున దోషము పొత్తులో ఉన్నది. పాత పద్ధతి పాట ముగియగానే కొత్తది వచ్చును; వినువాడు రెంటిని త్రాసులో వేయక తప్పదు, తూగునది ఏదో అతనికి ఆ క్షణముననే తెలియును. పాండెమోనియములో వింతలన్నియు ఒకే చీకటిలోనివి. ఇక్కడ రెండు ఇండ్లవారు ఒకే వాకిట నిలిచిరి.

మన హైదరాబాదులోను డెత్ మెటల్ మూగబోలేదు. హైదరాబాదు, బెంగుళూరు వాద్యకారులతో కూడిన గాడ్‌లెస్ బృందము 2016, 2018లలో చిన్న రికార్డులను, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అను పూర్తి ఆల్బమును తెచ్చినది. పైవారి దశకు చేరుటకు వీరికి ఇంకను కాలమున్నది.

సెల్టిక్ ఫ్రాస్ట్ కథ 1988తో ఆగలేదు. 1990 నాటి ఆల్బమునకు ఐన్ తిరిగి వచ్చినాడు. బృందము మరల విడిపోయి, మరల కలిసి, 2006లో మోనోథీస్ట్ అను అతిభారమైన, అతిదుఃఖమయమైన ఆల్బము ఇచ్చినది. పాతవారు చాలమంది తృప్తిపడినారు. ఫిషర్ మాత్రము కోల్డ్ లేక్‌ను తనది కాదన్నంతగా త్రోసివేసినాడు. 2017లో ఆ కాలపు ఆల్బములను కంపెనీ మరల విడుదల చేసినప్పుడు 1984, 1985, 1987, 1990 నాటివి వచ్చినవి. 1988 నాటిది రాలేదు. చరిత్ర వ్రాయువానికి ఇది నష్టమే, ఆ ఖాళీ తెలియనివానికి మోనోథీస్ట్ బరువు సగమే తెలియును. అదే 2017 డిసెంబరులో మార్బిడ్ ఏంజెల్, విన్సెంట్ స్థానమున స్టీవ్ టక్కర్‌ను నిలిపి, కింగ్‌డమ్స్ డిస్‌డెయిన్డ్ విడుదల చేసినది. అందులో యంత్రతాళము లేదు.