కారు ఇన్సూరెన్స్: వరదొస్తే మీ పాలసీ పనికొస్తుందా?

రాజమండ్రి: "ఇన్సూరెన్స్ ఉంది కదా భాయ్, భయమెందుకు?" కారు ఉన్నవాళ్లు తరచూ అనే మాట ఇది. ఏ రకం పాలసీ అని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు. పోలీసులు ఆపినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటే చాలనుకుంటారు. ఆ కాగితం చలానా తప్పిస్తుంది. గోదావరి నీళ్లు కారులోకి వస్తే మాత్రం పైసా కూడా రాకపోవచ్చు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, కోనసీమ లంకలు నీట మునిగాయి. వరదలు, తుఫాన్లు మనకు కొత్త కాదు. అందుకే ఏ పాలసీ దేనికి పనికొస్తుందో ముందే తెలుసుకోవాలి.

థర్డ్ పార్టీ పాలసీ

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది ప్రతి వాహనానికీ తప్పనిసరి. లేకుండా నడిపితే మొదటిసారి రూ.2,000, మళ్లీ దొరికితే రూ.4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలు శిక్ష కూడా పడొచ్చు. మీ కారు వల్ల వేరేవాళ్లు చనిపోయినా, గాయపడినా ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారాన్ని కంపెనీ చెల్లిస్తుంది. వేరేవాళ్ల ఆస్తి నష్టానికి రూ.7.5 లక్షల వరకు కవర్ ఉంటుంది. మీ సొంత కారుకు ఏం జరిగినా ఇందులో ఏమీ రాదు.

దీని ప్రీమియం కేంద్రమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో 1000 సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి రూ.2,094, 1000 నుంచి 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. జీఎస్టీ అదనం.

ఓన్ డ్యామేజ్, కాంప్రహెన్సివ్

యాక్సిడెంట్, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద, తుఫాను వల్ల మీ కారుకు జరిగే నష్టానికి డబ్బులొచ్చేది ఓన్ డ్యామేజ్ కవర్‌లో. ఇది, థర్డ్ పార్టీ కలిపి ఉంటే కాంప్రహెన్సివ్ పాలసీ అంటారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొంటే మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. దాంతో పాటు ఇచ్చే ఓన్ డ్యామేజ్ చాలాసార్లు ఏడాదికే ఉంటుంది. మొత్తం ఇన్సూరెన్స్ మూడేళ్లు ఉందనుకుని రెన్యువల్ వదిలేస్తే, రెండో ఏడాది వరదకు కారు మునిగినా క్లెయిమ్ ఉండదు. 2019 సెప్టెంబర్ నుంచి ఓన్ డ్యామేజ్ పాలసీని విడిగా కూడా కొనుక్కోవచ్చు.

కారు పూర్తిగా పోతే వచ్చేది షోరూమ్ ధర కాదు, పాలసీలో రాసిన ఐడీవీ. కారు వయసు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ మరీ తక్కువ పెట్టించుకుంటే నష్టపోయేది మనమే.

ఇంజిన్ ప్రొటెక్ట్

కాంప్రహెన్సివ్ ఉన్నా, నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే కంపెనీలు మామూలుగా ఆ ఖర్చు ఇవ్వవు. దాని కోసమే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉంది. షరతులు కంపెనీని బట్టి మారతాయి, చదివి తీసుకోండి. ఏదేమైనా నీళ్లలో ఆగిన కారు తాళం తిప్పొద్దు. ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్‌తోనే వర్క్‌షాప్‌కు తీసుకెళ్లండి.

జీరో డెప్, పీఏ కవర్

మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, బ్యాటరీ మార్చితే సగం ఖర్చు మనమే పెట్టుకోవాలి. జీరో డిప్రిసియేషన్ యాడ్ ఆన్ ఉంటే ఆ కోత చాలావరకు తప్పుతుంది. ఓనరే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి రూ.15 లక్షలు వచ్చే పర్సనల్ యాక్సిడెంట్ కవర్ వేరే ఉంది. దానికి ఓనర్‌కు చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి. పక్కన కూర్చునే కుటుంబ సభ్యులకూ విడిగా ఈ కవర్ తీసుకోవచ్చు.

క్లెయిమ్ ఎక్కడ ఆగిపోతుంది?

సొంత కారును పెళ్లిళ్లకు, మధురపూడి ఎయిర్‌పోర్టు ట్రిప్పులకు కిరాయికి తిప్పితే, తాగి నడిపితే, లైసెన్స్ లేనివాళ్లకు ఇస్తే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరస్కరించొచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు 14 రోజుల్లో పాలసీని తమ పేరు మీదకు మార్చమని కంపెనీకి రాయాలి. పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే అప్పటివరకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఐఆర్‌డీఏఐ టోల్ ఫ్రీ నంబర్ 155255, బీమా భరోసా పోర్టల్ కూడా ఉన్నాయి. అక్కడా తేలకపోతే మన జిల్లాల వాళ్లకు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దిక్కు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

వానలు మొదలవక ముందే పాలసీ తీసి మూడు చూసుకోండి: ఓన్ డ్యామేజ్ ఏ తేదీ వరకు ఉంది, ఐడీవీ ఎంత, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందా లేదా. నీళ్లు వీధిలోకి వచ్చాక పాలసీ కొన్నా, అప్పటికే జరిగిన నష్టానికి పనికిరాదు.