కారులో దుర్వాసన: కారణములు, నివారణ మార్గములు

కారు తలుపు తెరచిన వెంటనే ముక్కుకు సోకే దుర్వాసనను చాలామంది సుగంధ ద్రవ్యపు సీసాతో కప్పిపుచ్చుతారు. ఇది సరియైన పద్ధతి కాదు. దుర్వాసన వాహనమునకు కలిగిన రుగ్మతకు సూచన. దాని మూలమును కనుగొనుటయే చికిత్స.

నీట మునిగిన కార్లు

రైలు పెట్టెల కర్మాగారం వలన మనకు సుపరిచితమైన పెరంబూరు, దాని పొరుగున ఉన్న పుళియాంతోపు, వ్యాసర్పాడి పల్లపు ప్రాంతాలు. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోను చెన్నై నగరంలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అటువంటి కారును పైపైన కడిగి, మెరుగుపెట్టి అమ్మే అవకాశమున్నది. కనుక చెన్నైలో పాత కారు కొనదలచిన మన గ్రామీణ కుటుంబాలు ఈ క్రింది పరీక్షలు చేయుట శ్రేయస్కరం.

1. అద్దాలన్నీ మూసి కొంతసేపు లోపల కూర్చుని బూజు వాసన ఉన్నదేమో గమనించండి.
2. సీటు బెల్టును చివరివరకు లాగండి. బురద చార కనిపిస్తే నీరు అంతవరకు వచ్చినట్లే.
3. కాళ్ల క్రింది తివాచీని ఎత్తి చూడండి. దాని అడుగున ఉండే స్పంజి పొర చెమ్మను దీర్ఘకాలం నిలుపుకొంటుంది.
4. స్టెప్నీ గుంటలో మట్టి, సీట్ల పట్టాలపై తుప్పు ఉన్నవేమో పరిశీలించండి.

వాసనను బట్టి దోషం

బూజు వాసన ఏసీ వేసినప్పుడే వస్తే లోపలి శీతల యంత్రభాగంపై శిలీంధ్రాలు పెరిగాయని భావించవచ్చు. నీరు బయటికి పోయే గొట్టమును శుభ్రపరచి, లోపలి గాలి ఫిల్టరును మార్పించాలి. గమ్యం చేరుటకు కొన్ని నిమిషాల ముందు ఏసీ ఆపి, ఫ్యాను మాత్రం నడిపితే చెమ్మ ఆరుతుంది.

కుళ్లిన కోడిగ్రుడ్ల వాసన బ్యాటరీ అతిగా ఛార్జి అగుటను గాని, పొగ శుద్ధిచేసే భాగములోని లోపమును గాని సూచిస్తుంది. తియ్యని వాసన వస్తే రేడియేటరు ద్రవం కారుతున్నదేమో చూడాలి. ఆ ద్రవం విషతుల్యం. పెట్రోలు వాసన వస్తే బండిని నిలిపి, అందరూ దిగి, మెకానిక్కును పిలవాలి.

పాలు ఒలికినా, పులికాటు చేపల నీరు కారినా ఆనాడే కడిగి ఎండలో ఆరబెట్టాలి. మిగిలిన వాసనను వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, మరునాడు దులిపివేస్తే చాలావరకు తొలగించవచ్చు. నెలల తరబడి కదలని కారులో ఎలుకలు చేరి తీగలు కొరుకుతాయి. అప్పుడప్పుడు బండిని నడుపుచుండాలి.

వాసన లేని ప్రమాదం

పొగగొట్టం చిల్లుపడితే కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరగలదు. దానికి రంగు, వాసన లేవు; ప్రాణాంతకం. కావున ఇంజను నడుస్తుండగా అద్దాలు మూసి, ఏసీ వేసుకొని నిద్రించరాదు. పిల్లలను అటువంటి కారులో విడిచి వెళ్లరాదు. ప్రయాణంలో తలనొప్పి, మగత, వాంతి భావన కలిగితే వెంటనే అద్దాలు దించి, బయటికి వచ్చి, వైద్యుని సంప్రదించాలి.

వాన నీటిలో ఆగిపోయిన కారును మరల స్టార్టు చేయరాదు. ఇంజనులోకి నీరు చేరి ఉంటే భాగాలు వంగిపోతాయి. బండిని మెకానిక్కు చూచిన పిమ్మటనే కదిలించాలి. తక్షణం చేసే చిన్న వ్యయం తరువాతి పెద్ద నష్టమును తప్పిస్తుంది.